ఇంటనే అల్పవ్యయముతో డోలువాద్యమును ధ్వనిముద్రణము చేసికొనుట

(నాయీబ్రాహ్మణ వార్షిక మహాసభ రెండవనాటి ఉదయమున చేసిన ఉపన్యాసము)

  

మన బిడ్డల విద్యను గూర్చియు, వసతిగృహములను గూర్చియు, దేవాలయములందలి వాద్యకారుల వేతనములను గూర్చియు పెద్దలు నిన్నటి దినమున సవిస్తరముగా ప్రసంగించిరి. వారివలె ధారాళముగా మాటలాడు నేర్పు నాకు లేదు. నాకు తెలిసినది డోలు. దానితోపాటు కొన్ని వత్సరములుగా నేర్చుకొనుచున్నది ఆ డోలు నాదమును యంత్రమునందు నిలుపు పని. ఈ రెండవదానిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినందున మీ యెదుట నిలిచితిని. దోషములున్న పెద్దలు మన్నింతురుగాక.

మొదట ఒక దుఃఖమును మీతో పంచుకొనవలసి యున్నది. మా తండ్రిగారు 40 ఏండ్లు డోలు వాయించిరి. వారు గతించిన పిదప వారి వాద్యము ఎక్కడనైన నిలిచి యున్నదేమోయని మేము వెదకితిమి. బంధువుల ఇంటి పెండ్లి వీడియోలో వారు కనబడిరి. మాంగల్యధారణ సమయమున గట్టిమేళము వాయించుచు వారి చేతులు ఆడుచున్నవి. కాని వినబడుచున్నది సినిమాపాట. వీడియో కూర్చినవారు మా మేళపు శబ్దమును తీసివేసి దానిస్థానమున పాట నతికించిరి. మరియొక వీడియోలో శబ్దమున్నది గాని అది డోలు గాదు; చినిగిన గోనెసంచిని దులిపినట్టి గరగర. ఒక జీవితకాలపు విద్యలో మాకు మిగిలినది ఆ గరగర యొక్కటియే. ఇట్టి ఇల్లు మాది యొక్కటియే కాదని ఈ సభయందు కూర్చున్న పలువురి ముఖములే నాకు చెప్పుచున్నవి.

సోదరులారా! మన విద్య గ్రంథములలో నున్నది గాదు. తాళములు, జతులు వ్రాసికొనవచ్చును. కాని ఒక జతిని ఏ వ్రేలు ఎంత బరువుతో పలికినది, ఎడమచేతి కర్ర ఎచ్చట ఊపిరిబట్టి ఆగినది, సన్నాయివిద్వాంసుడు రాగమున తేలుచుండగా డోలు ఎట్లు మౌనము వహించినది—ఇవి కాగితమున కెక్కవు. ఇవి చెవినుండి చేతికి, తండ్రినుండి కుమారునకు వచ్చినవి. కుమారుడు వేరు వృత్తికి పోయినచో ఆ మార్గము అచ్చటనే తెగిపోవును. అతడు పోవుట తప్పని నే ననను. చదువుకొని ఉద్యోగము చేయుట మనము కోరినదే. కాని అతని కుమారునకో, కుమార్తెకో రేపు ఈ విద్యపై మనసు పుట్టినయెడల, తాతగారి చేయి ఎట్లుండెడిదో వినుటకైన ఒక్క సాధనము ఇంట నుండవలదా?

ఈ పని ధనవంతులకే సాధ్యమని కొందరి భ్రమ. ఒకప్పు డది నిజమే. 1902వ సంవత్సరము నవంబరు మాసమున గ్రామఫోను కంపెనీవారి పక్షమున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను నతడు కలకత్తాకు వచ్చి మన దేశమున గానము ముద్రించెను. ఆ కాలమున ముద్రణమునకు మైక్రోఫోను వాడుకలో లేదు. గాయకులు పెద్ద కొమ్మువంటి గొట్టములోనికి గొంతెత్తి పాడవలసినదే. గట్టి చర్మవాద్యముల దెబ్బను ఆ యంత్రము చక్కగా భరింపలేకుండెను. కావున వాటిని గొట్టమునకు దూరముగా నిలుపుచుండిరి. 1925లో మైక్రోఫోనుతో ముద్రించు విద్యుత్పద్ధతి వాడుకలోనికి వచ్చినపిదప ఈ కష్టము కొంత తీరినది. అయినను ఆ యంత్రములు కంపెనీలవి. ఎవరిని ముద్రింపవలెనో నిర్ణయించువారును వారే. ఎన్నో పాత రికార్డుల చీటీలమీద ప్రధానగాయకుని పేరే గాని వెనుక వాయించినవాని పేరుండదు. నేడో, అప్పటి కంపెనీల యంత్రముకంటె సూక్ష్మముగా వినగల యంత్రము మన బిడ్డల జేబులలో నున్నది. ఎవరిని ముద్రింపవలెనో నిర్ణయించుకొనవలసినవారము ఇపుడు మనమే.

అట్లయిన మన ఫోనులలో డోలు ఎందుకు చెడిపోవుచున్నది? దీనికి కారణము తెలిసినగాని ఉపాయము తోచదు. ఫోను మాటలకొరకు చేయబడినది. శబ్దము గట్టిపడగానే అది తనంతట తానే చెవి మూసికొనును. శబ్దము తగ్గగానే మరల తెరచుకొనును. అందుచేత దెబ్బ పడినప్పుడు నాదము నలిగి, దెబ్బకు దెబ్బకు నడుమ పంకా మోత పైకి లేచును. మాటాడునపుడు వెనుకటి రొదను తుడిచివేయు ఏర్పాటు కొన్ని ఫోనులలో కలదు. అది డోలు కార్వైని గూడ రొదయని భ్రమించి తుడిచివేయును. ఇక డోలు స్వభావము మరియొక చిక్కు. పనసమ్రానితో తొలిచిన పీపా. కుడిముఖము బిగువైనది, తొడుగులు ధరించిన వ్రేళ్లతో వాయింపబడి పిడుగువలె పలుకును. ఎడమముఖము వదులైనది, కర్రతో వాయింపబడి మంద్రముగా గుమ్మని మ్రోగును. కుడి చురుకు, ఎడమ లోతు—ఈ రెండును సమముగా పట్టుబడినగాని అది డోలనిపించుకొనదు. ఫోనును డోలుప్రక్కన పడవైచినచో కుడిదెబ్బ పగులును, ఎడమది మాయమగును.

కావున మొదట చూడవలసినది యంత్రము గాదు, స్థలము. నేను మొదటిసారి మా మేనమామగారి డోలును సిమెంటు కప్పుగల ఖాళీగదిలో ముద్రించితిని. ఒక్కొక్క దెబ్బ నాలుగు గోడలకు తగిలి మరలివచ్చి, తరువాతి దెబ్బపై పడినది. త్వరితకాలమున వాయించిన జతులన్నియు ఒక్క ముద్దయైనవి. మామగారు విని, "ఇది నా చేయి కాదురా, గది చేయి" అనిరి. ఆ మాటలోనే ఈ శాస్త్రమంతయు నున్నది. మరునాడు తెల్లవారుజామున పెరటిలో గడ్డివాముప్రక్కన వారిని కూర్చుండబెట్టి అదే ఫోనుతో ముద్రించితిమి. గడ్డి శబ్దమును మ్రింగును, తిరిగి పంపదు. పైన ఆకాశము, కప్పు లేదు. ప్రతి వ్రేలు విడివిడిగా వినబడినది. దానికి మాకైన వ్యయము శూన్యము.

గడ్డివాము లేనివారు గదినే సరిచేసికొనవచ్చును. గది నడుమ నిలిచి ఒక్క చప్పట్లు కొట్టి వినుడు. 'టంగ్' మని లోహపుధ్వని వెంటవచ్చినయెడల ఆ గది పనికిరాదు. గోడలకు బొంతలు, దుప్పట్లు వ్రేలాడగట్టుడు. మూలలయందు పరుపులు నిలబెట్టుడు. నేలపై చాప, దానిపై జంబుకానా పరచుడు. బట్టలు నిండిన బీరువా తలుపులు తెరచి యుంచినను కొంత మేలే. మంద్రధ్వని మూలలయందు పేరుకొనును గనుక వాద్యకారుని మూలలో కూర్చుండబెట్టరాదు. గదికి సరిగా నడుమను గూర్చుండబెట్టరాదు. రెంటికి నడుమగా నుండవలెను. పంకా ఆపవలెను, ఫ్రిజ్జు ఆపవలెను, మరల దానిని పెట్టుట మరువకుండ ఇంటి తాళపుచెవిని ఫ్రిజ్జుపై నుంచుట మా ఇంటి ఆచారము.

రెండవది దూరము. ఆరుబయట దూరము రెట్టింపైనపుడెల్ల ధ్వని 6 డెసిబెల్లులు తగ్గును. గదిలో మాత్రము నేరుగా వచ్చు నాదము తగ్గునుగాని గోడలనుండి మరలివచ్చునది అంతగా తగ్గదు. అందుచేత నేను మనసునందుంచుకొను సూత్ర మొక్కటే: గది మంచిదైన కొలది దూరము, చెడ్డదైన కొలది సమీపము. సాధారణముగా ఫోనునుగాని మైకునుగాని వాద్యకారుని యెదుట ఐదడుగుల దూరమున, డోలు ఎత్తున, రెండు ముఖములకు సమదూరముగా నిలుపుడు. చేతితో పట్టుకొనరాదు, నేలపై నుంచరాదు, నేల అదురు దానికెక్కును. పీటపై మడతపెట్టిన తువ్వాలు వేసి దానిపై నుంచిన చాలును. ఒక నిమిషము వాయించి వినుడు. ఎడమలోతు చాలకున్న వాద్యకారుడు ఆ ముఖము మైకువైపునకు వచ్చునట్లు కొంచెము తిరిగి కూర్చుండవలెను. సన్నాయి కూడ నున్నయెడల తూకము మీటలతో గాదు, దూరములతోనే చేయవలెను. ఎవరు గట్టిగా వినబడుచున్నారో వారు రెండడుగులు వెనుకకు జరుగుటయే. పూర్వము ఒక్క మైకుతో మేళమంతయు ముద్రించినవారు చేసినది ఇదియే.

దూరము యొక్క మహిమకు విదేశపు దృష్టాంత మొకటి చెప్పెదను. లెడ్ జెప్పెలిన్ అను ఆంగ్లేయ బృందమువారి ఒక పాటయందలి డ్రమ్ముల నాదము ప్రపంచప్రసిద్ధము. ఆ పాట 1971లో వెలువడిన వారి నాలుగవ ఆల్బములోనిది. జాన్ బోన్‌హమ్ అను వాద్యకారుడు హెడ్లీ గ్రేంజ్ అను పాతఇంటి మెట్లక్రింది చావడిలో వాయింపగా, ఆండీ జాన్స్ అను ముద్రకుడు రెండే మైకులను పైన మెట్లవద్దనుండి వ్రేలాడదీసెను. వారి యంత్రములు మాత్రము చవుకవి గావు. వెలుపల ముద్రణాలయముతో గూడిన బండి యొకటి నిలిచి యుండెను. అయినను ఆ నాదమునకు ప్రాణము పోసినది ఆ ఇల్లు, ఆ దూరము. మన మెట్లు మనకున్నవి. మన చావడులు మనకున్నవి. నెమ్మదికాలపు మల్లారిని ఎత్తైన మండపమున దూరమునుండియు, వేగపు తనిని గడ్డివామువద్దనుండియు ముద్రించి చూడుడు. ఏది దేనికి తగునో మీ చెవియే చెప్పును.

మూడవది మట్టము. ఫోనులో మాటలకొరకైన సాధారణ పరికరమును విడిచి, మట్టమును మనచేత నుంచుకొనుటకు వీలిచ్చు రికార్డింగు యాపును తెచ్చుకొనుడు; ఉచితముగా లభించునవి యున్నవి. తనంతట తాను హెచ్చించు, తగ్గించు ఏర్పాటును ఆపివేయుడు. పిమ్మట వాద్యకారుని తన శక్తికొలది గట్టిగా వాయింపుమని కోరుడు. మర్యాదకై మెల్లగా వాయించి చూపుట మనవారి యలవాటు. అసలు వాయించునపుడు ఉత్సాహము రాగానే రెట్టింపగును. ఆ అత్యున్నతమైన దెబ్బకు కొలతరేఖ సున్నకు 12 డెసిబెల్లుల క్రిందనే యుండవలెను. సున్న దాటిన ధ్వనికి తల తెగును. తెగిన తలను ఏ యంత్రమును మరల అతుకలేదు. తక్కువగా ముద్రించినదానిని తరువాత హెచ్చించుకొనవచ్చును. ముద్రణము 'వేవ్' అను రూపమున, వీలైన 24 బిట్లతో, సెకనుకు 48,000 నమూనాలతో చేయుడు. రెండు మార్గములతో ఇది గంటకు సుమారు ఒక గిగాబైటు స్థలము గొనును. 64 గిగాబైట్ల చిన్నకార్డులో దాదాపు 60 గంటల వాద్యము నిలుచును. ఒక విద్వాంసుని జీవితవిద్య వ్రేలిగోరంత కార్డులో నిముడును.

ఇంతవరకు చెప్పినదానికి కొనవలసిన దేమియు లేదు. దీనితో తృప్తిచెందనివారు, లేక ఊరిలోని నాలుగైదు కుటుంబములు కలిసి చందా వేసికొనగలవారు, రెండవమెట్టు ఎక్కవచ్చును. ఒక డైనమిక్ మైకు, ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేసు, ఒక స్టాండు, ఒక తీగ—ఇంతే. కంప్యూటరు ఎవరి బిడ్డకో చదువుకొరకు ఉండనే యుండును. వ్యయము వేలలో నుండును గాని లక్షలలో నుండదు. డైనమిక్ మైకు గట్టిదెబ్బకు జంకదు. గదిరొదను అంతగా పట్టదు. షూర్ కంపెనీవారి యస్.యం. 57 అను మైకు 1965 నుండి తయారగుచున్నది. డ్రమ్ములయెదుట దానిని విరివిగా వాడుదురు. అయితే దాని పేరుతో నకిలీలును అమ్ముడుపోవుచున్నవి గనుక నమ్మకమైన అంగడిలోనే కొనవలెను. కండెన్సరు మైకు సూక్ష్మముగా వినును గాని దానికి 48 వోల్టుల విద్యుత్తు ఇంటర్‌ఫేసునుండి అందవలెను. చెడ్డగదిలో అది గదిదోషములన్నింటిని బయటపెట్టును. తీగలు, స్టాండు లేని మార్గము కోరువారికి చేతిలో నిముడు రికార్డరులు కలవు. ఊరూర తిరిగి పెద్దలను ముద్రింపదలచినవారికి అదియే మేలు.

రెండు మైకులను, ముఖమున కొక్కటిగా, సమీపమున నుంచువారు ఒక విషయమున మోసపోవుదురు, నేనును మోసపోయితిని. విడివిడిగా విన్నపుడు రెండును బాగుగనే యుండెను; కలిపి వినగా డోలు కడుపు ఖాళీయైనట్లు తోచెను. మైకులు చెడినవనుకొంటిని. తీగలు మార్చితిని. దోషము అచ్చట లేదు. కుడిముఖముపై కొట్టినపుడు ఆ చర్మము లోనికి వంగును. లోపలి గాలి ఎడమచర్మమును వెలుపలికి నెట్టును. కావున ఒక మైకునకు గాలి వెనుకడుగు వేయునపుడే రెండవదానికి ముందడుగు వేయును. రెంటిని కలిపిన మంద్రము పరస్పరము హరించుకొనును. దీనికి విరుగుడు సులభము. ఉచితముగా లభించు ఆడాసిటీ అను కంప్యూటరు సాధనములో రెండు మార్గములలో ఒకదానిని ఎన్నుకొని 'ఇన్వర్ట్' అను ఆజ్ఞ నొక్కుడు. తిరుగవేసి ఒకసారి, వేయక ఒకసారి వినుడు; ఏది నిండుగా నున్నదో అదే సరియైనది. ఈ చిక్కు వలదనుకొనువారికి ఐదడుగుల దూరమున ఒక్క మైకు ఎప్పుడును ద్రోహము చేయదు.

ఇక ఏమి ముద్రింపవలెను? ఇదియే నా ఉపన్యాసమునకు ముఖ్యమైన భాగము. కచేరివలె గంటసేపు వాయింపించి ఊరకుండినచో వినుటకు ఇంపుగా నుండును గాని నేర్చుకొనువానికి చాలదు. మొదట విద్వాంసుడు తన నోటితో తన పేరు, ఊరు, గురువుగారి పేరు, ఆనాటి తేదీ చెప్పవలెను. పిదప ఒక్కొక్క పాఠమును మూడు విధముల ముద్రింపవలెను: తాళము వేయుచు జతులను నోట పలుకుట, అవే జతులను నెమ్మదిగా డోలుపై వాయించుట, చివరకు తన సహజవేగమున వాయించుట. మేలుకొలుపునకు ఏమి వాయింతురో, ఊరేగింపునకు ఏమి వాయింతురో, గట్టిమేళము ఎట్లు ఎత్తుకొని ఎట్లు ముగింతురో వారిచేతనే చెప్పింపుడు. తప్పు దొర్లినను ఆపవలదు. ఆయన దానిని సరిదిద్దుకొను విధమే ఒక పాఠము. వృద్ధులను అరగంటకు మించి శ్రమపెట్టరాదు. మధ్య మజ్జిగయిచ్చి మాటలాడింపుడు, ఆ మాటలయందును యంత్రము ఆడుచునే యుండవలెను. మామగారు తొడుగులు సరిచేసికొనుచు తమ గురువుగారి కోపమును గూర్చి చెప్పిన నాలుగు మాటలు నాకు వారి తనికంటె తక్కువ విలువైనవి గావు.

ముద్రించినదానిని మెరుగుపెట్టవలెనను ఆశ అందరికి కలుగును. ప్రతిధ్వని చేర్చుట, హోరు పెంచుట వలదు. మొదలు, తుది కత్తిరించి మట్టము సరిచేసిన చాలును. మూలప్రతిని ఎన్నడును ముట్టరాదు. మూడు ప్రతులుంచుడు: ఇంట రెండు, వేరు ఊరి బంధువులవద్ద ఒకటి. ఫోను పోయినది, కార్డు కాలినది అను మాట ప్రతి ఇంటను విన్నదే. వాట్సాపులో ధ్వనిగా పంపిన అది నలిగిపోవును. పంపవలసివచ్చిన 'డాక్యుమెంటు'గా పంపుడు. పేరు, ఊరు, తేదీ ఫైలు పేరులోనే వ్రాయుడు. 'న్యూ రికార్డింగు 7' అని యున్నదానిని పదియేండ్ల పిదప ఎవ్వరును తెరువరు.

ఈ విద్య మన కులమునందు ప్రబలినదే యైనను మన యొక్కరిసొత్తు గాదని గూడ మనవి చేయుచున్నాను. కరవది గ్రామమున 1924లో జన్మించి నాదస్వరమున జగద్విఖ్యాతిగాంచి, 1998లో సంగీతకళానిధి బిరుదమందిన షేక్ చినమౌలానాగారు మహమ్మదీయులు. తిరుపతియందు దేవస్థానమువారి పాఠశాలలో నాదస్వరమును, డోలును నేర్పుచున్నారు. మనము ముద్రించినది మన ఇండ్లలో దాచుకొనుటకే గాక, అనుమతించిన విద్వాంసులది నేర్చుకొనగోరు ఏ బిడ్డకైన వినిపించుటకు. అనుమతి యను మాట మరువవలదు. విద్య వారిది, యంత్రము మాత్రమే మనది.

మంగళకార్యమున మనము లేనిదే తాళిబొట్టు కట్టరు. కాని శుభలేఖలో మన పేరుండదు. వీడియోలో మన నాదముండదు. ఇతరులు మన పేరు వ్రాయుదురేమోయని కనిపెట్టుకొని యుండుటకంటె, మన నాదమును మనమే పేరుతో నిలుపుకొనుట గౌరవమునకు దగ్గరిమార్గమని నా విన్నపము. దీనికై సభవారిని రెండే కోరుచున్నాను. ప్రతి తాలూకా సంఘమువారు ఒక మైకు, ఒక ఇంటర్‌ఫేసు కొని, అడిగిన కుటుంబమునకు ఎరువిచ్చు ఏర్పాటు చేయుదురుగాక. ఇచ్చటికి వచ్చిన యువకులును, యువతులును ఒక్కొక్కరు తమ ఊరిలోని ఒక్క వృద్ధ వాద్యకారుని, వచ్చు మహాసభలోపున, అరగంటసేపైన ముద్రించి తెత్తురుగాక. పెద్ద యంత్రము వచ్చువరకు ఆగవలదు. యంత్రము రేపు ఇంకను చవుకగా దొరకును. ఆ చేయి రేపు దొరకదు.

మా మేనమామగారు ఇప్పుడు డోలు ఎత్తలేరు. గత సంక్రాంతికి వారి మనుమరాలు, తొమ్మిదేండ్ల పిల్ల, గడ్డివామువద్ద ముద్రించినది వినుచు పీటపై జతి పలుకుచుండెను. ఒకచోట తప్పెను. మంచముపై నున్న మామగారు కన్నులు తెరువకయే, "మరల మొదటినుండి వినవే తల్లీ" అనిరి. పిల్ల మరల మొదటినుండి విన్నది. మా తండ్రిగారికి ఆ భాగ్యము కలుగలేదు. మీ తండ్రులకు కలుగవలెనని ప్రార్థించుచున్నాను.